కాలవగట్టు మీద అమ్మమ్మ

12 ఫిబ్రవరి 2001, సోమవారం

అమ్మమ్మని నిన్న పూడ్చిపెట్టారు. పూడ్చిపెట్టారనే రాస్తాను. సమాధి చేశారని రాయను. సమాధి చేయడమంటే పాట ఉండాలి, ప్రార్థన ఉండాలి, మట్టి వేసేటప్పుడు చర్చి అయ్యగారు చెప్పే మాట ఉండాలి. అవేవీ లేవు. డప్పులున్నాయి.

శనివారం సాయంత్రం మా స్కూలు హెడ్మాస్టరుగారింటికి ఫోనొచ్చింది. "మీ అమ్మమ్మగారికి సీరియస్‌గా ఉందంటమ్మా" అన్నారాయన, నా మొహం చూడకుండా. అప్పుడే అర్థమైంది. మైలవరంలో ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. తెల్లారగట్ల బయల్దేరి, విజయవాడలో బస్సు మారి, చల్లపల్లిలో దిగి, ఆటోలో ఊళ్ళోకి వచ్చేసరికి తొమ్మిదిన్నర.

దారంతా ఒకటే ఊహ. తెల్లచీర కట్టి ఉంటారు. గుండెల మీద బైబిలు పెట్టి ఉంటారు. ఆ చీర పెట్టెలోంచి తీసి ఎన్నిసార్లు చూపించిందో నాకు... "ఇది నా పెళ్ళిచీరే. ప్రభువు పిలిచిన రోజున కట్టుకుంటా." ముప్పై ఏళ్ళు చర్చి తరఫున ఇంటింటికీ వాక్యం చెబుతూ బైబిలు ఉమన్‌గా చేసిన మనిషి. గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని ఈ కాలవగట్లన్నీ నడిచిన మనిషి.

పందిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నుదుటి మీద మూడు విభూతి గీతలు. మధ్యలో రూపాయి బిళ్ళ. తల దగ్గర కొబ్బరికాయ, అగరొత్తులు.

ముందు వేరెవరో అనుకున్నాను. నిజంగానే. ఎవరింటికో వచ్చాననుకున్నాను.

కొంగుతో విభూతి తుడవబోయాను. మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. "రూతూ, వద్దు. చూస్తన్నారు."

ఎవరు చూస్తున్నారో అడగలేదు. అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుంది. అంటే అమ్మకి తెలుసు.

ఆదివారం కదా, చర్చిలో ఆరాధన జరుగుతోంది. పాడె చర్చి ముందు నుంచే వెళ్ళింది. లోపల పాట సగంలో ఆగిపోయింది. కిటికీలో అయ్యగారు కనబడ్డారు. చూశారు. బయటికి రాలేదు. మేం దాటి వచ్చాక వెనకాల పాట మళ్ళీ మొదలైంది.

కల్వర్టు దగ్గర నన్ను ఆపేశారు. ఆడపిల్లలు శ్మశానానికి రాకూడదంట. మా ఇంట్లోకి ఈ 'అంట' ఎప్పుడొచ్చింది? చర్చి సమాధుల దొడ్డిలో తాతయ్య పక్కన చోటు అట్టే పెట్టుకుంది అమ్మమ్మ. అక్కడికి తీసుకెళ్ళలేదు. కాలవగట్టు మీద, ఊరి శ్మశానంలో. సిలువ లేదు. ఒక కుండ బోర్లించి వచ్చారు.

13 ఫిబ్రవరి, మంగళవారం

అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. వెళ్ళలేదు.

గోడ మీద యేసు పటం లేదు. అది ఉన్నచోట గోడ తెల్లగా ఉంది.

14 ఫిబ్రవరి, బుధవారం

మావయ్య పెరట్లోకి పిలిచాడు. చెప్పాడు. మధ్యలో చాలాసార్లు ఆగాడు.

ఆర్నెల్ల కిందట వాళ్ళ ఆఫీసుకి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారంట. ఫలానా సాంబశివరావు అసలు పేరు సమూయేలు, వాళ్ళమ్మ ఊరూరా బైబిలు చెప్పిన మనిషి, ఎస్సీ సర్టిఫికెట్టుతో ఉద్యోగం చేస్తున్నాడు అని. క్రైస్తవులమని తేలితే ఆ సర్టిఫికెట్టు చెల్లదు. ఉద్యోగం పోతుంది. ఎంక్వైరీ వేశారు.

"పంతొమ్మిదేళ్ళ సర్వీసు రూతూ. పిల్లలిద్దరూ చదువుకుంటన్నారు. ఇబ్రహీంపట్నంలో ఇల్లు సగంలో ఉంది. శవం దగ్గర కెమెరాతో ఫొటోలు తీసుకుపోయారు, చూశావా నువ్వు?"

చూడలేదు. నేను ఆ గీతలే చూశాను.

"ఆ ఉద్యోగం కోసం అమ్మమ్మని..."

"అను. నువ్వు అనాల్సిందే."

అనలేదు. వేరేది అడిగాను.

"మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్క ముక్క. ముందే."

"చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకునేదాన్ని కాదు. అది నిజం. అందుకని నన్ను బయటపెట్టి తలుపేసుకున్నారు. ఇంట్లో అందరూ.

16 ఫిబ్రవరి, శుక్రవారం. మైలవరం

స్కూలుకి వచ్చేశాను. మూడో తరగతి పిల్లలు "రత్నకుమారి టీచర్ వచ్చింది" అని ఒకటే గోల. ఆ పేరు వినగానే ఎప్పుడూ ఒక్క క్షణం పడుతుంది నాకు. ఇవాళ ఇంకొంచెం ఎక్కువ పట్టింది.

ఇంట్లో రూతు. రికార్డుల్లో రత్నకుమారి. మావయ్య ఉద్యోగం ఏ కాగితం మీద నిలబడిందో నాదీ ఆ కాగితం మీదే. ఇది ఎక్కడా రాయలేదు ఇంతవరకు. ఇవాళ రాస్తున్నాను.

పదో తరగతిలో ఆ సర్టిఫికెట్టు కోసం మండలాఫీసుకి తీసుకెళ్ళింది అమ్మమ్మే. తను లోపలికి రాలేదు. బయట రోడ్డు మీద గొడుగేసుకుని నిలబడింది. వచ్చేటప్పుడు అడిగాను, అమ్మమ్మా ఇది అబద్ధం కాదా అని. సగం దారి నడిచాక, "మనల్ని ఊరు ఏ పేటలో ఉంచిందో ఆ కాయితంలో అది ఉంది. అది అబద్ధం కాదు. మిగతాది దేవుడితో నేను మాట్లాడతాలే. నువ్వు చదువుకో" అంది.

ఏం మాట్లాడిందో. ఆయన ఏమన్నాడో.

18 ఫిబ్రవరి, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఇక్కడి చర్చి నాకేం చేసింది, అయినా వెళ్ళలేదు.

ప్రభువు వచ్చే రోజున అమ్మమ్మ లేస్తుంది. అందులో నాకు అనుమానం లేదు. చిన్నప్పుడు తాతయ్య సమాధి దగ్గర నేను ఏడుస్తుంటే, "ఆయన నిద్రపోతన్నాడే. ఏడవమాక, లేస్తాడు" అని ఎంత మామూలుగా చెప్పిందంటే, నేను గొంతు తగ్గించాను, తాతయ్యకి మెలకువ వస్తుందేమోనని. ఆ మాట అప్పటి నుంచి నాలో కదల్లేదు. ఇప్పుడూ కదల్లేదు.

అనుమానమల్లా బతికున్న వాళ్ళ మీదే.

20 ఫిబ్రవరి, మంగళవారం

పోస్టులో కార్డు వచ్చింది. పెద్దకర్మ. పసుపు రంగు కార్డు, మూలన ఓంకారం. 'మా మాతృమూర్తి కీ.శే. సుబ్బమ్మ గారు...'

సుబ్బమ్మ. పదహారేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకుని ఆ పేరు కాలవలోనే వదిలేశానని చెప్పేది. అక్కడి నుంచి అరవై ఏళ్ళు సువార్తమ్మ. పేటలో, ఊళ్ళో, కమ్మవారి వీధిలో కూడా సువార్తమ్మే. 'సువార్తమ్మ గారూ, కాస్త ఈ ఉత్తరం చదివిపెట్టండి' అని పిలిచేవాళ్ళు.

సుబ్బమ్మన్న పేరు బయట ఎవరికీ తెలియదు. కొడుక్కి తెలుసు.

21 ఫిబ్రవరి, బుధవారం

వెళ్ళలేదు. ఈపాటికి పిండం పెట్టి కాకుల కోసం చూస్తూ ఉంటారు.

4 మార్చి, ఆదివారం. ఊళ్ళో

అయ్యగారిని నిలదీద్దామనే వచ్చాను. ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. అందరూ వెళ్ళాక వాళ్ళ వరండాలోకి వెళ్ళాను. ఆయన నాకు బాప్తిస్మం ఇచ్చినాయన. ముసలాయన అయిపోయారు. కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"అయ్యగారూ, ఆ రోజు మీరు కిటికీలోంచి చూశారు."

"చూశానమ్మా."

"బయటికి రాలేదు."

"రాలేదు."

"మా మావయ్య వద్దన్నాడనేగా. ఆయన ఉద్యోగం చూసి మీరు కూడా భయపడ్డారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సమూయేలు నన్నేం అడగలేదమ్మా. నన్ను రావద్దంది మీ అమ్మమ్మ."

నేను కూర్చున్నాను.

జనవరి ఆఖర్లో ఒక గురువారం అమ్మమ్మే కబురు పెట్టిందంట. ఈయన వెళ్తే, మంచం మీద లేచి కూర్చుని ఉందంట, తల దువ్వుకుని. "అయ్యగారూ, నాకు మాట ఇయ్యండి. నేను పోతే మీరు రావద్దు. గంట కొట్టించొద్దు. నన్ను దొడ్డిలోకి తేవద్దు. వాళ్ళు ఏం చేసుకుంటే అది చేసుకోనియ్యండి."

"ఇరవై నిమిషాలు వాదించానమ్మా. సువార్తమ్మ గారూ, మీరు ఈ సంఘానికి తల్లి లాంటివారు, రేపు ఈ జనానికి నేనేం చెప్పను అన్నాను. వినలేదు. వాడికి ఇద్దరు బిడ్డలు, వాణ్ణి చదివించింది నేను, ఆ కాయితం తెప్పించింది నేను, ఇప్పుడు నా శవం వాడి మీద సాక్ష్యం చెప్పకూడదు అంది."

తర్వాత ఆయన చెప్పింది ఇదీ.

సమాధి దగ్గర చదవాల్సిందంతా ఆ మంచం దగ్గరే చదివించుకుందంట. బతికుండగానే. "అప్పుడు చదివితే నాకేం వినబడుద్ది? ఇప్పుడే చదివెయ్యండి, నేను కూడా వింటా" అందంట. అయ్యగారు మొత్తం చదివారు. తనకిష్టమైన పాట తనే మొదలుపెట్టి, ఊపిరందక ఆపేస్తే అమ్మ పూర్తి చేసిందంట. చివర్న మట్టి వేసే చోట ఆయన ఆగిపోయారు. మట్టి లేదు. అమ్మమ్మ పక్కనున్న నశ్యం డబ్బా తీసి ఇచ్చి నవ్విందంట, "ఇది వెయ్యండి" అని.

అయ్యగారు ఇది చెప్తూ ఏడ్చారు. నవ్వారు కూడా.

మావయ్య గుమ్మం బయట నిలబడి ఉన్నాడంట. లోపలికి రాలేదంట.

5 మార్చి, సోమవారం

ఆ గురువారం తర్వాత రెండ్రోజులకే నేను ఊరు వెళ్ళాను. శనివారం. రాత్రికి ఉన్నాను. ఆదివారం సాయంత్రం దాకా ఉన్నాను. నా చేత జడ వేయించుకుంది. కాళ్ళు పట్టమంది. నశ్యం ఇంకో డబ్బా ఎక్కడ దాచిందో చూపించి "మీ అమ్మకి చెప్పమాక" అంది. స్కూల్లో పిల్లలు ఏం తింటున్నారు, ఆ కుంటి పిల్లాడు వస్తున్నాడా, హెడ్మాస్టరు మంచివాడేనా...

ఇది మాత్రం చెప్పలేదు.

అమ్మమ్మ సమాధి ఆరాధన జరిగింది. పాట ఉంది. ప్రార్థన ఉంది. తనే ఉంది. నేను లేను.

6 మార్చి

మావయ్య మీద కోపం పెట్టుకుని నెల్లాళ్ళు బతికాను. అది కూడా లాగేసుకుంది.

11 మార్చి, ఆదివారం

అమ్మ మైలవరం వచ్చింది. గోంగూర పచ్చడి సీసా, రెండు ఉతికిన దుప్పట్లు. ఊరి నుంచి ఒక్కతే రావడం ఇదే మొదటిసారి. మంచం అంచున కూర్చుంది.

"అయ్యగారు చెప్పాడంటగా."

"నువ్వు చెప్పాల్సింది."

"చెప్పొద్దంది."

"తను చెప్పొద్దంటే నువ్వు చెప్పవా? నాకు నా అన్నవాళ్ళు ఈ లోకంలో ఎంతమంది ఉన్నారమ్మా? మీరే కదా."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ చెప్పింది. నాన్న పోయి మేం అమ్మమ్మ దగ్గరికి వచ్చేసినప్పటి గొంతు అది, ఏదైనా తప్పనిసరిగా చెప్పాల్సి వస్తే వాడే గొంతు.

"మీ మావయ్య కూడా అడిగాడు, రూతుకి కబురు చేద్దాం అమ్మా అని. అప్పుడు అందీ... 'అది నా మాటలు నమ్మి పెరిగిన పిల్ల. పదిమంది ముందు ప్రభువుని ఎరగనని అనమాకే అని దానికి నేర్పింది నేను. ఇప్పుడు నేనే ఎరగనట్టు పోతన్నా. ఆ సంగతి దాని మొహం చూసి నేను చెప్పలేను. నేను పోయాక తెలుసుకోనీ. కోప్పడితే కోప్పడనీ' అంది."

నేను దుప్పట్లు తీసి పెట్టెలో పెట్టాను.

"నీకు భయపడిందే. మా అమ్మ దేనికీ భయపడింది కాదు. నీకు భయపడింది."

అమ్మని బస్సెక్కించి వచ్చాను. పచ్చడి సీసా మూత తీయలేదు.

12 మార్చి

నేనేమనేదాన్ని? నిజంగా చెప్పి ఉంటే? అరిచేదాన్ని. మావయ్యతో మాట్లాడేదాన్ని కాదు. కానీ ఆ మంచం పక్కన కూర్చునేదాన్ని. చెయ్యి పట్టుకునేదాన్ని. ఆ అవకాశం నాకు ఇవ్వలేదు. నేనేం చేస్తానో తనే తేల్చేసుకుంది. అంత తెలుసనుకుందా నా గురించి? అమ్మమ్మా, ఇది నాకు అన్నిటికన్నా...

27 మార్చి, మంగళవారం. ఊళ్ళో

ఉగాది సెలవుకి వచ్చినదాన్ని ఇవాళ కూడా సెలవు పెట్టి ఉండాల్సొచ్చింది. రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. గారు ఎంక్వైరీకి వస్తున్నారని మావయ్య ఫోన్ చేశాడు. "నువ్వుంటే బాగుంటుంది రూతూ. అక్క ఒక్కతే అయితే కంగారు పడుద్ది."

పదకొండింటికి వచ్చారు. మనిషి మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పారు. మజ్జిగ ఇస్తే తాగారు. ఇల్లంతా చూశారు. గోడ మీద ఆ తెల్లటి చోటు చూశారు.

"అక్కడేం ఉండేదండీ?"

"క్యాలెండరండి" అంది అమ్మ.

రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "టీచరుగారూ, మీరు చదువుకున్నవారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకూ ఇష్టం లేదు. రెండే ప్రశ్నలు. మీ అమ్మమ్మగారు చర్చి పని చేసేవారని కొందరు చెప్తున్నారు. నిజమేనాండి?"

"ఆవిడ అందరికీ చదువు చెప్పేవారండి. రాని ఆడవాళ్ళకి సంతకం నేర్పించేవారు."

ఇది నిజం. దీని వెనకాల నక్కాను.

"మంచిదండి. మీరు చర్చికి వెళ్తారా?"

అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఆయన కలం పట్టుకుని నా వైపు చూస్తున్నారు. విసుగు లేదు ఆ చూపులో. తొందర కూడా లేదు.

"లేదండి" అన్నాను.

రాసుకున్నారు. "ఈస్టర్ వెళ్ళాక... అదే, వచ్చే నెల పద్దెనిమిదిన ఒకసారి మండలాఫీసుకి రావాలండి. ఎమ్మార్వోగారి ముందు ఇదే స్టేట్‌మెంట్ ఇచ్చి సంతకం పెడితే సరిపోతుంది."

ఈస్టర్ అని తనంతట తనే అన్నారు. నేను మొహం కదపలేదు. కదపకుండా ఉండటం నాకు వచ్చని ఇవాళే తెలిసింది.

28 మార్చి

లేదండి. మూడక్షరాలు. ఎంత తేలిగ్గా వచ్చిందో.

నెలన్నర పాటు వాళ్ళని దోషుల్ని చేసి రాసిన పేజీలన్నీ వెనక్కి తిప్పి చదివాను. చింపేద్దామనుకున్నాను. చింపలేదు. అప్పుడు అది నిజమే.

8 ఏప్రిల్, మట్టలాదివారం. మైలవరం

పొద్దున మట్టలు పట్టుకుని పిల్లలు పాడుకుంటూ మా వీధిలోంచి వెళ్ళారు. కిటికీ వేశాను. మళ్ళీ కొంచెం తీశాను.

13 ఏప్రిల్, శుక్రవారం

శుభ శుక్రవారం. ఉపవాసం ఉన్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను. అలవాటనుకుంటే అలవాటు. సాయంత్రం ఊరు బయల్దేరాను.

15 ఏప్రిల్, ఈస్టర్ ఆదివారం. ఊళ్ళో

తెల్లవారుజామునే సమాధుల దొడ్డిలో అన్ని సమాధులకీ సున్నాలు, బంతిపూలు, కొవ్వొత్తులు. తాతయ్య దగ్గర అమ్మ కొవ్వొత్తి పెట్టింది. పక్కన ఖాళీ చోటు. ఎవరో అక్కడ కూడా నాలుగు పూలు వేసి ఉంచారు. అమ్మ ఆ పూల వైపు చూసి, నా వైపు చూసి, "వెళ్ళు" అంది.

కాలవగట్టుకి వెళ్ళాను. ఒక్కదాన్నే ఉంటాననుకున్నాను. అక్కడ ముగ్గురు ముసలమ్మలున్నారు. మా పేట ఏలీసమ్మ, ఇంకో ఇద్దరు, ఊడ్పులకి కలిసి వెళ్ళే జట్టు. అమ్మమ్మ మట్టి మీద గడ్డి మొలిచింది. వాళ్ళు దాని పక్కన, పొలం గట్టున చద్ది తినడానికి కూర్చున్నట్టు కూర్చున్నారు.

"రా కూచో" అంది ఏలీసమ్మ. "మాకు సంతకం నేర్పించిన మనిషి. మేం వస్తే ఎవడేం చేస్తాడు? మాకేమన్నా ఉద్యోగాలా పోవడానికి?"

కొవ్వొత్తి లేదు. సిలువ లేదు. పాట కూడా గొంతులోనే పాడారు, బయటికి వినబడకుండా. నేను కలిపాను. సగంలో ఆగిపోతే ఏలీసమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాత ఆమె తూర్పు వైపు చూస్తూ, పొలం పనుల సంగతి మాట్లాడినట్టు అంది: "ఆ రోజున అందరూ దొడ్డిలోంచి లేస్తారు. ఈవిడొక్కతే గట్టు మీంచి లేవాల. కాలవ దాటి రావాల పాపం, చీర తడుపుకోకుండా."

"దాటుద్దిలే" అంది రెండో ఆవిడ. "ఎన్నిసార్లు దాటలేదు."

నవ్వొచ్చింది నాకు. అమ్మమ్మ పోయాక మొదటిసారి. నవ్వుతూనే కోపం కూడా వచ్చింది. ఆ మట్టి మీద చెయ్యి పెట్టి అన్నాను, నువ్వు లేచాక ముందు నాకు సమాధానం చెప్పాలి, ఆ తర్వాతే ఎవరి దగ్గరికైనా వెళ్ళు అని. గట్టిగానే అన్నాను. ఏలీసమ్మ విననట్టు గడ్డి పీకుతూ కూర్చుంది.

అలా అనడమే ప్రార్థనేమో. తెలియదు. వచ్చేటప్పుడు మాత్రం కొంచెం తేలిగ్గా ఉంది ఒళ్ళు.

మావయ్య రాలేదు.

16 ఏప్రిల్, సోమవారం. మైలవరం

బుధవారం పదిన్నరకి మండలాఫీసు. ఏం చెప్పాలో రాసి చూసుకున్నాను. రెండు రకాలుగానూ రాశాను. రెండూ చదివితే ఎవరో వేరే మనిషి రాసినట్టే ఉన్నాయి.

నిజం చెప్తే మావయ్య ఉద్యోగం. తర్వాత నాది. అబద్ధం చెప్తే ఈసారి అది కంగారులో వచ్చిన మాట కాదు. తెలిసి, కూర్చుని, సంతకం పెట్టి చెప్పిన మాట.

17 ఏప్రిల్, మంగళవారం

నాలుగింటికి మావయ్య వచ్చాడు. నా గదికి ఎప్పుడూ రాలేదు. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళిస్తే సగం తాగి పట్టుకుని కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా వదులైంది.

రేపటి గురించి బతిమాలడానికి వచ్చాడనుకున్నాను. దానికి సిద్ధంగా ఉన్నాను. ఏమనాలో నాలుగు మాటలు ఏరుకుని కూడా పెట్టుకున్నాను.

"రేపు నీకేది చెప్పాలనిపిస్తే అది చెప్పు రూతూ" అన్నాడు. "నా గురించి చూసుకోమాక."

నేను మంచం మీద కూర్చున్నాను.

"నిజమే చెప్పు. తప్పు లేదు. అమ్మ ఆ రోజు నా మీద దెబ్బ పడకుండా అడ్డం పడుకుంది. నేను పడుకోనిచ్చాను. గుమ్మం బయట నిలబడి అంతా విన్నాను. లోపలికి వెళ్ళి, వద్దమ్మా, నా ఉద్యోగం పోతే పోనీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది. రానియ్యలేదు." గ్లాసు కింద పెట్టాడు. "అప్పటి నుంచీ ప్రార్థనకి మోకాళ్ళేస్తే ఒక్క మాట రావట్లేదు. ఏ పేరుతో వెళ్ళను ఆయన దగ్గరికి?"

"పిల్లలు?" అన్నాను. అదే వచ్చింది నోటికి.

"పిల్లల్ని నువ్వు మొయ్యమాక. నేను చూసుకుంటా. ఏదో ఒకటి చూసుకుంటా."

ఈ మాట నాకు అక్కర్లేదు. ఇలా వదిలేస్తే ఎలా? బతిమాలితే బాగుండేది. కాళ్ళు పట్టుకుంటే ఇంకా బాగుండేది. ఆయన మీద పడేసి ఏదో ఒకటి చెప్పి వచ్చేదాన్ని. ఇప్పుడది నాదొక్కదానిదే అయింది.

క్షమించమని అడగలేదు. నేను క్షమించాననీ అనలేదు. అనలేను, ఇంకా. "వస్తా" అని లేచాడు. గుమ్మం దగ్గర నా తల మీద చెయ్యి పెట్టబోయి, ఆపేసుకుని, మెట్లు దిగాడు.

ఐదున్నర. కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇక్కణ్ణుంచి బస్టాపు కనిపిస్తుంది. విజయవాడ బస్సు వచ్చింది. ఇబ్రహీంపట్నంలో ఆగేదే. జనం ఎక్కారు. బస్సు కదిలాక చూస్తే మావయ్య అక్కడే ఉన్నాడు.

ఇంకోటి వచ్చింది. కండక్టరు ఏదో అడిగాడు. మావయ్య తల అడ్డంగా ఊపాడు. అదీ వెళ్ళిపోయింది.

రెండు చేతులూ కిందికి వేలాడేసి నిలబడి ఉన్నాడు. మా అమ్మమ్మ కొడుకు. బస్సు వచ్చే వైపు కూడా చూడటం లేదు.

దిగి వెళ్తే ఏమంటాను? ఏమీ లేదు నా దగ్గర. రేపటి గురించీ లేదు, అమ్మమ్మ గురించీ లేదు.

మూడో బస్సు మలుపు తిరుగుతోంది. నా చెప్పులు ఎక్కడ...